అనంతపురం జిల్లాలో డ్రిప్పు రాయితీ: లెక్క ఎక్కడ కుదిరింది, ఎక్కడ తప్పింది

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ విడతలు విడతలుగా, మధ్యలో వారాల తరబడి ఎండగొట్టి మరీ పడుతుంది. కింద గ్రానైటు, నైస్ రాళ్లు. నీళ్లు నిలిచేది ఆ రాతి మీదున్న మెత్తటి పొరలోనూ, దాని కింది చీలికల్లోనూ మాత్రమే. అందుకే ఒక చేలో బోరుకు రెండించుల నీళ్లు పడితే గట్టు అవతల అదే లోతులో దుమ్ము లేస్తుంది. ఇలాంటి నేలలో 2003 నవంబరు 3న మొదలైన సూక్ష్మ సేద్య పథకం కింద రైతులకు డ్రిప్పు, స్ప్రింక్లర్ల మీద రాయితీ అందుతోంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి అని రెండైంది గానీ నేల అదే, బోర్లు అవే, చీనీ (బత్తాయి) తోటలూ అవే.

ప్రభుత్వ కాగితాల్లో ఈ రాయితీ నీటి పొదుపు పద్దు కింద ఉంటుంది. లక్ష్యాన్ని మాత్రం హెక్టార్లలో పెడతారు. ఈ ఏడాది ఇన్ని వేల హెక్టార్లు, మండలానికి ఇన్ని, పైపులిచ్చే డ్రిప్పు కంపెనీకి ఇన్ని. పైపులు పరిచిన హెక్టారు వేరు, పొదుపైన నీళ్లు వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లే డిజైను దగ్గర మొదలైన తప్పు మూడో ఎండాకాలానికి తోటలో బయటపడుతుంది. ఆ తప్పు ఎక్కడెక్కడ దూరుతుందో, దాన్ని ఎలా కట్టడి చేయవచ్చో వివరంగా చూద్దాం.

నూరు రూపాయల్లో ఎవరి వాటా ఎంత

కేంద్రం 2015లో ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన కింద ‘ప్రతి చుక్కకూ అధిక పంట’ అనే భాగాన్ని పెట్టింది. 2022–23 నుంచి అది రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో కలిసింది. సన్న, చిన్నకారు రైతులకు యూనిట్ ఖర్చులో 55 శాతం, మిగతా రైతులకు 45 శాతం సాయం అన్నది కేంద్రం నిబంధన. ఆ సాయాన్ని కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. మన రాష్ట్రం దాని మీద సొంతంగా మరికొంత కలిపి సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం, ఎస్సీ, ఎస్టీ రైతులకు నూరు శాతం ఇస్తోంది. అంతకంటే పెద్ద కమతాలకు శాతం తగ్గుతుంది. ఆ అంచెలు జీవోల వెంట మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది ఉత్తర్వు చూసుకోవాలి.

90 శాతం వచ్చే రైతు విషయంలో నూరు రూపాయలను విడదీస్తే ఇలా తేలుతుంది. 55లో కేంద్రానిది 33, రాష్ట్రానిది 22. దాని మీద రాష్ట్రం అదనంగా వేసేది 35. రైతు కట్టేది 10. అంటే రాయితీ 90లో రాష్ట్ర ఖజానా నుంచి రావాల్సింది 57. ఖజానాలో డబ్బు ఆడకపోతే పథకం మొత్తం ఎందుకు నిలిచిపోతుందో ఈ ఒక్క అంకె చెబుతుంది. కంపెనీలకు బకాయిలు పేరుకుపోయి కొన్నేళ్లు కొత్త మంజూర్లే లేకుండా పోయి, 2022లో మళ్లీ మొదలైన అనుభవం మన కళ్లముందే ఉంది. ఆ కాలంలో కొత్త తోట పెట్టినవాళ్లు అప్పు చేసి బయట మార్కెట్లో పైపులు కొన్నారు, లేదంటే పాదులకు కాలువలతోనే పారించారు.

ఇంకో మెలిక యూనిట్ ఖర్చులో ఉంది. 90 శాతం అన్నది రైతుకు అయ్యే బిల్లు మీద కాదు, ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ఖర్చు మీద. లెక్క సులువుగా ఉండడానికి యూనిట్ ఖర్చు లక్ష రూపాయలనుకుందాం. బోరు చేనికి 300 మీటర్ల దూరంలో ఉంది, పొలం మూలలు తిరిగి ఉంది, ఇసుక వచ్చే బోరు కాబట్టి ఇంకో ఫిల్టరు కావాలి. బిల్లు 1,30,000 అయింది. రాయితీ మాత్రం 90,000 దగ్గరే ఆగుతుంది. రైతు జేబులోంచి పోయేది 10,000 కాదు, 40,000. అంటే బిల్లులో దాదాపు 31 శాతం. ఇక్కడే చాలామంది బేరం మొదలుపెట్టి అవసరమైన ఫిల్టరును, ఒకట్రెండు వాల్వులను తీసేయిస్తారు. డిజైను చేసే కుర్రాడు కూడా ఫైలు కదలాలని ఒప్పుకుంటాడు. తీసేసిన ఆ రెండు సామాన్లే తర్వాత తోటను కాపాడాల్సినవి. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రిప్పు, స్ప్రింక్లర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తేడాను అడిగి బిల్లులో చూసుకుని, మిగిలేదాన్ని ఫిల్టరు మీద పెట్టడం మంచిది.

దరఖాస్తు నుంచి ట్రయల్ రన్ దాకా

రైతు సేవా కేంద్రంలో దరఖాస్తు చేయాలి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం లేదా వన్‌బీ, బ్యాంకు పుస్తకం, బోరుకు కరెంటు సర్వీసు నంబరు, అవసరమైతే కుల ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్లాలి. కంపెనీని రైతే ఎంచుకోవచ్చు. తర్వాత పొలం దగ్గర మొదటి పరిశీలన, కంపెనీ సర్వే, డిజైను, అంచనా, రైతు వాటా చెల్లింపు, మంజూరు, సామాను రాక, బిగింపు, ట్రయల్ రన్, జియోట్యాగ్ ఫొటోలతో తుది తనిఖీ. ఆపైన కంపెనీకి బిల్లు.

ఫైళ్లు ఆగేది ఎక్కువగా మూడు చోట్ల. తండ్రి చనిపోయినా పాసుపుస్తకం ఇంకా ఆయన పేరునే ఉండడం మొదటిది. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కానిదే ఫైలు కదలదు కాబట్టి ఆ పని ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. అన్నదమ్ములు ముగ్గురికి భూమి పంచుకున్నా బోరు ఒక్కటే కావడం రెండోది. సర్వీసు నంబరు ఒకరి పేరున ఉంటుంది, మిగతా ఇద్దరు నీటి వాడకానికి ఒప్పుదల రాయించుకోవాలి. నోటిమాట మీద నడిచిన వాటా తనిఖీ రోజున గొడవకు దారితీస్తుంది. మూడోది ఏడేళ్ల నిబంధన. ఒకసారి రాయితీ తీసుకున్న భూమికి ఏడేళ్లు నిండేదాకా రెండోసారి రాదు. పాత యజమాని తీసుకున్న రాయితీ సర్వే నంబరు వెంట వస్తుందని కొన్నవాళ్లకు తెలియదు. భూమి కొనేటప్పుడు ఈసీతో (పాత లావాదేవీల పత్రంతో) పాటు ఇదీ విచారించుకోవాలి.

కౌలు రైతు పేరు ఈ వరుసలో ఎక్కడా కనిపించదు. రాయితీ పట్టాదారుకే వెళ్తుంది, పైపుల వెంట తిరిగేదీ మూసుకుపోయిన డ్రిప్పర్లు గుచ్చేదీ కౌలుదారు. ఈ పథకంలో సరిదిద్దాల్సిన మొదటి అన్యాయం ఇదే.

డ్రమ్ము పెట్టి కొలవకుండా డిజైను గీయకూడదు

ఇక అసలు విషయం. దరఖాస్తులో ‘బోరు నీటి లభ్యత’ అనే గడిలో రైతు చెప్పిన ఇంచులు (బోరు ధారకు ఊళ్లో వాడే కొలత) రాసుకుంటారు. ఒకరి ఇంచు ఇంకొకరి ఇంచుకు కలవదు. పైగా చాలా సర్వేలు వానలయ్యాక, నవంబరు, డిసెంబరుల్లో జరుగుతాయి. అప్పుడు బోరు నిండుగా పోస్తుంది.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. మోటారు వేసిన వెంటనే కొలవకూడదు. బోరు గొట్టంలో రాత్రంతా నిలిచిన నీళ్లు మొదట ఉరికొచ్చి మోసం చేస్తాయి. కనీసం రెండు గంటలు నడిచాక, వీలైతే ఆ రోజు కరెంటు పోయే ముందు, మూడుసార్లు నింపి సగటు తీయాలి.

నమూనాగా నాలుగెకరాల చీనీ తోటను తీసుకుందాం. 20 అడుగుల ఎడంతో ఎకరాకు 108 చెట్లు, మొత్తం 432. చెట్టు గొడుగు వెడల్పు నాలుగున్నర మీటర్లు ఉంటే దాని నీడ పరిచే చోటు 16 చదరపు మీటర్లు. మే నెలలో రోజుకు 9 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుని, పాన్ గుణకం (తొట్టిలో ఆవిరయ్యే నీటిని చేను లెక్కకు మార్చేది) 0.7, పంట గుణకం (ఆ పంట తాగే వంతు) 0.8 వేస్తే చెట్టుకు 80 లీటర్లు. డ్రిప్పులోనూ పదో వంతు నష్టం పోతుంది కాబట్టి 90 లీటర్లు ఇవ్వాలి. తోట మొత్తానికి రోజుకు 38,880 లీటర్లు.

నవంబరులో డ్రమ్ము 100 సెకండ్లలో నిండింది. అంటే గంటకు 7,200 లీటర్లు. మే అవసరాన్ని దీనితో భాగిస్తే 5.4 గంటలు. పగటిపూట 9 గంటల కరెంటులో హాయిగా సరిపోతుందని ఫైలు మీద రాసేస్తారు. అదే బోరును మేలో కొలిస్తే డ్రమ్ముకు 180 సెకండ్లు పట్టింది. గంటకు 4,000 లీటర్లు. ఇప్పుడు కావాల్సింది 9.7 గంటలు. కరెంటు ఉండేది తొమ్మిదే. కాగితం మీద మిగులుగా ఉన్న బోరు, పంటకు ప్రాణం మీదికొచ్చిన నెలలో చాలీచాలనిదైంది.

నష్టం ఇంతటితో ఆగదు. చెట్టుకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు పెడితే చెట్టుకు గంటకు 32 లీటర్లు. 432 చెట్లకు గంటకు 13,824. నవంబరు కొలతను నమ్మి రెండు వాల్వులు పెడితే ఒక్కో వాల్వు కింద 216 చెట్లు, గంటకు 6,912 లీటర్ల డిమాండు. 7,200 ఇచ్చే బోరుకు అది సరిగ్గా సరిపోతుంది. 4,000 ఇచ్చే రోజున ఆ వాల్వు తెరిస్తే పైపులో ఒత్తిడి పడిపోతుంది. దగ్గరి చెట్లకు నీళ్లు ఉరుకుతాయి, లైను చివరి చెట్లకు చుక్క కూడా పడదు, మోటారు గాలి లాగుతుంది. ‘డ్రిప్పు పెట్టాక చివరి వరసలు ఎండిపోయాయి’ అనే ఫిర్యాదుకు తొలి కారణం ఇదే. డ్రిప్పర్లు మూసుకుపోయాయని అందరూ అనుకుంటారు గానీ చాలా తోటల్లో మూసుకుపోయింది ఏమీ ఉండదు, వాల్వులు తక్కువ పెట్టారంతే.

ఇదే తోటకు నాలుగు వాల్వులు పెట్టి ఉంటే ఒక్కోదాని కింద 108 చెట్లు, గంటకు 3,456 లీటర్లు. నవంబరులో రెండేసి వాల్వులు కలిపి తెరవాలి, లేకపోతే ఎక్కువ నీళ్లు తక్కువ పైపులోకి తోసుకొచ్చి జాయింట్లు ఊడతాయి. ఫిల్టరు దగ్గర బైపాస్ వాల్వు ఉండాల్సింది కూడా ఇందుకే. మేలో ఒక్కోటే తెరవాలి. 9 గంటలను నాలుగు భాగాలు చేస్తే వాల్వుకు రెండుంబావు గంటలు. చెట్టుకు 72 లీటర్లు దక్కుతాయి. అవసరంలో 80 శాతం. చెట్టు మొదట్లో వేరుశనగ పొట్టో ఎండుగడ్డో నాలుగు అంగుళాల మందాన కప్పితే ఆ 80 శాతంతో చీనీ చెట్టు ఎండాకాలం దాటుతుంది. రెండు వాల్వుల డిజైనుకూ నాలుగు వాల్వుల డిజైనుకూ తేడా రెండు గేట్‌వాల్వులు, కొంత సబ్‌మెయిన్ పైపు (వాల్వు నుంచి చెట్ల వరసలకు నీళ్లు మోసేది), రెండు మూరల కందకం.

సామాను దిగిన రోజు చూడాల్సినవి

పైపు మీద ముద్ర చదవాలి, ఐఎస్ అంటే భారత ప్రమాణం. మామూలు లేటరల్‌కు (చెట్ల వరస వెంట సాగే సన్న పైపు) ఐఎస్ 12786, లోపలే డ్రిప్పర్ ఉన్న ఇన్‌లైన్ పైపుకు ఐఎస్ 13488, విడి డ్రిప్పర్లకు ఐఎస్ 13487, పీవీసీ పైపులకు ఐఎస్ 4985, జల్లెడ ఫిల్టరుకు ఐఎస్ 12785. ముద్రలో క్లాసు, వ్యాసం, తయారీ తేదీ కూడా ఉంటాయి. అంచనాలో రాసిన మీటర్లు, దిగిన చుట్టల లెక్క సరిపోలిందా చూసి ఆ తర్వాతే సంతకం పెట్టాలి. సంతకం పెట్టాక చుట్టలు తక్కువొచ్చాయని చెబితే వినేవారుండరు.

పీవీసీ సబ్‌మెయిన్‌ను అడుగున్నర, రెండడుగుల లోతున పూడ్చాలి. రాతి నేల తవ్వలేక పైపైన పరిచి మట్టి కప్పితే ఎండకు పెళుసెక్కి, నాగలి తగిలి పగులుతుంది. ఇసుక తోడే బోరుకు హైడ్రోసైక్లోన్ (నీటిని సుడి తిప్పి ఇసుకను వేరుచేసే ఫిల్టరు) తప్పనిసరి, జల్లెడ ఒక్కటే దాన్ని ఆపలేదు. చెరువు నీళ్లు, తొట్టి నీళ్లు వాడేవాళ్లకు పాచి వస్తుంది కాబట్టి ఇసుక ఫిల్టరు కావాలి. హంద్రీ–నీవా ఎత్తిపోతల ప్రాజెక్టు నీళ్లు చెరువుల్లోకి వచ్చిన ఊళ్లలో ఇది కొత్తగా ఎదురవుతున్న సమస్య.

ట్రయల్ రన్ అంటే మోటారు వేసి నీళ్లు చిమ్ముతుంటే ఫొటో దిగడం కాదు. పరీక్ష సులువైనదే, అరపూట పడుతుంది. ఒక వాల్వు కింద మొదటి లేటరల్, మూడో వంతు దూరంలో ఒకటి, మూడింట రెండు వంతుల దూరంలో ఒకటి, చివరిది, ఇలా నాలుగు ఎంచుకోవాలి. ఒక్కోదాని మీద అదే క్రమంలో నాలుగు డ్రిప్పర్లు. మొత్తం 16. ఒక్కోదాని కింద మూడు నిమిషాలు గిన్నె పెట్టి కొలపాత్రలో చూడాలి. 8 లీటర్ల డ్రిప్పర్ మూడు నిమిషాల్లో 400 మిల్లీలీటర్లు ఇవ్వాలి. తక్కువ వచ్చిన నాలుగింటి సగటును పదహారింటి సగటుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేదే సమానత. పదహారింటి సగటు 375, తక్కువ నాలుగింటి సగటు 300 అయితే 80 శాతం. కొత్త సెట్టుకు 90 రావాలి. 80కి పైన నడుస్తుంది. 70 కంటే తక్కువైతే సామాను తిరిగి సరిచేసేదాకా తుది తనిఖీకి ఒప్పుకోకూడదు.

మూడో ఏట మూసుకుపోయే డ్రిప్పర్లు

అనంతపురం బోరు నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ. పైపు ఎండకు వేడెక్కి, మోటారు ఆగాక లోపల మిగిలిన నీళ్లు ఆవిరై, డ్రిప్పర్ నోట్లో తెల్లటి సున్నం గడ్డకడుతుంది. ఇంటి గీజరులో పేరుకునేదే ఇదీ. ఎర్రగా జిగురుగా ఉంటే ఇనుము, ఆకుపచ్చగా ఉంటే పాచి. రంగును బట్టి మందు మారుతుంది.

సున్నానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్. మోతాదును ఎవరో చెప్పింది వినకుండా సొంత నీళ్లతో తేల్చుకోవాలి. ప్లాస్టిక్ బకెట్లో 10 లీటర్ల బోరు నీళ్లు తీసుకుని, సిరంజితో యాసిడ్ కొద్దికొద్దిగా వేస్తూ పీహెచ్ కాగితం 4 చూపేదాకా కలపాలి. 8 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం, అంటే లీటరుకు 0.8. మన నమూనా తోటలో ఒక వాల్వుకు గంటకు 3,456 లీటర్లు, పావుగంటకు 864. కావాల్సిన యాసిడ్ 690 మిల్లీలీటర్లు. దాన్ని ప్లాస్టిక్ తొట్టిలోని నీళ్లలో కలిపి పావుగంటలో వెంచురీ (పైపులోకి మందును పీల్చే పరికరం) ద్వారా ఎక్కించాలి. లైను చివరి డ్రిప్పర్ దగ్గర కాగితం 4 చూపాక మోటారు ఆపి, వాల్వు మూసి, ఒక రోజు వదిలేయాలి. మర్నాడు సబ్‌మెయిన్ చివర ఫ్లష్ వాల్వు, ఆపైన లేటరల్ ఎండ్‌క్యాపులు విప్పి తేట నీళ్లు వచ్చేదాకా కడగాలి.

యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. ఇనుప ఫిల్టరు దాటాకే ఎక్కించాలి. పాచికి బ్లీచింగ్ పౌడరు వాడేవాళ్లు యాసిడ్‌తో ఒకే రోజు, ఒకే తొట్టిలో ఎప్పుడూ కలపకూడదు. వచ్చే క్లోరిన్ వాయువు ప్రాణం తీస్తుంది. ఈ రెండు మందులూ ఒకే కొట్టంలో పక్కపక్కన పెట్టుకోవడం కూడా వద్దు.

వెంచురీ పీల్చాలంటే దాని ముందూ వెనకా ఒత్తిడిలో తేడా ఉండాలి. ఎండాకాలం బోరు తగ్గాక చాలాచోట్ల అది పీల్చడం మానేస్తుంది, పాడైపోయిందని విప్పి అటక మీద పడేస్తారు. నీళ్లు బాగా ఉన్న డిసెంబరులో యాసిడ్ పని ముగించుకుంటే ఈ బెడద ఉండదు. జల్లెడను వారానికోసారి విప్పి కడగాలి. గేజీలు ఉంటే లోపలికీ బయటికీ ఒత్తిడిలో అర కిలో తేడా రాగానే కడగాలి. ఎండ్‌క్యాపులు పదిహేను రోజులకోసారి విప్పాలి. డ్రిప్పులో డీఏపీ, సూపర్ ఫాస్ఫేటు వేయకూడదు, అవి పూర్తిగా కరగవు. కాల్షియం నైట్రేటును సల్ఫేటు, ఫాస్ఫేటు ఎరువులతో ఒకే రోజు కలిపితే పైపులోనే సుద్దలాంటి మడ్డి తయారవుతుంది.

ఉడతలు, ఎలుకలు పైపులు కొరకడం ఎండాకాలంలో పెరుగుతుంది. అవి వచ్చేది నీళ్ల కోసమే. గట్ల వెంట అక్కడక్కడ మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టిన తోటల్లో కొరుకుళ్లు తగ్గుతాయి. గట్టు మీద గడ్డికి నిప్పంటిస్తే పైపులకు అంటుకుంటుంది. ఆ నష్టానికి ఏ రాయితీ లేదు.

పంపు తోడింది తగ్గిందా?

నమూనా తోటకే తిరిగి వద్దాం. మేలో బోరు గంటకు 4,000 చొప్పున 9 గంటలు తోడితే 36,000 లీటర్లు. డ్రిప్పు లేనప్పుడూ ఇంతే తోడేవాళ్లు, పాదులకు పారించేసరికి సగం తోట తడిసేది కాదు. డ్రిప్పు వచ్చాక అవే నీళ్లతో నాలుగెకరాలూ బతికాయి. రైతుకు ఇది గొప్ప మేలు. చీనీ చెట్టు ఒక్క వేసవికి ఎండితే ఏళ్ల పెట్టుబడి పోతుంది. కానీ భూమిలోంచి తోడిన నీళ్లు ఒక్క లీటరు కూడా తగ్గలేదు. ఎండాకాలం బోరు ఎంతిస్తే అంత, కరెంటు ఎంతసేపుంటే అంతసేపు. గట్టి రాతి నేలల్లో తోడకానికి హద్దు పెట్టేది రాయీ కరెంటే.

పొదుపుకు చోటున్నది నవంబరులో. అప్పుడు చెట్టుకు 45 లీటర్లు చాలనుకుంటే మొత్తం 19,440. గంటకు 7,200 ఇచ్చే బోరుకు ఇది మూడు గంటల పని కూడా కాదు. మిగతా ఆరు గంటలు మోటారు ఆపితే 40,000 లీటర్లకు పైగా భూమిలో ఉంటాయి. జరిగేది వేరు. ఆటో స్టార్టరు పెట్టుకున్న మోటారు కరెంటు రాగానే తిరుగుతుంది, పోయేదాకా తిరుగుతుంది. ఆ నీళ్లకు పక్క ఎకరంలో కర్బూజా, కళింగర, టమాటా వస్తాయి. రైతును తప్పుపట్టడానికి లేదు. కరెంటు ఉచితం, నీళ్లకు కొలత లేదు, తాను ఆపితే గట్టు అవతలి బోరు లాగేసుకుంటుంది. చీలిక ఒకటే అయినప్పుడు ఒక్కరి పొదుపు రెండోవాడి తోడకం అవుతుంది.

ఇది ఒక్క మన జిల్లా సంగతి కాదు. అమెరికాలో పడమటి కాన్సాస్ కౌంటీల్లో నీటిని పొదుపుచేసే స్ప్రింక్లర్లకు ప్రభుత్వం సాయం చేసింది. 2014లో అచ్చయిన పరిశోధనలో తేలింది ఏమంటే, అవి పెట్టుకున్నాక తోడకం తగ్గకపోగా పెరిగింది, రైతులు నీళ్లెక్కువ తాగే పంటలకు మారారు. అదే రాష్ట్రంలో అర్కాన్సాస్ నది పైభాగపు కౌంటీల్లో మరో పథకం ఉంది. అక్కడ డబ్బిచ్చేది పైపుకు కాదు. రైతు తన నీటి హక్కును శాశ్వతంగా వదులుకుని, ఆ నేలలో గడ్డి పెంచితే పద్నాలుగు, పదిహేనేళ్లు ఏటా కౌలు ఇస్తారు. మన చిన్న కమతాలకు ఆ పద్ధతి కుదరదు, తోట వదిలేస్తే ఇల్లు గడవదు. కానీ ఆపిన పంపుకు డబ్బు అన్న ఆలోచన మనకూ పనికొస్తుంది. పంజాబ్ 2018లో అలాంటిదే పెట్టింది. రైతుకు ఇన్ని యూనిట్ల కరెంటని కోటా, అందులో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ 4 రూపాయలు.

మన జిల్లాలోనే ఇంకా దగ్గరి పాఠం ఉంది. రైతులే నడిపిన భూగర్భజల ప్రాజెక్టు అనంతపురం సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో 638 ఊళ్లలో నడిచింది. ఆ ఊళ్ల రైతులు వానను, బోరు మట్టాన్ని తామే కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట ఎంత తాగుతుందో గోడ మీద రాసుకున్నారు. పంట మార్చినందుకు ఎవరికీ రాయితీ ఇవ్వలేదు, అయినా చాలామంది మార్చారు. ఇంకొన్ని ఊళ్లలో బోర్లున్న రైతులు, లేని రైతులు కలిసి పైపులైన్లతో బోర్లను అనుసంధానం చేసుకుని, కొన్నేళ్లపాటు కొత్త బోరు వేయబోమని రాసుకున్నారు. గట్టు అవతలి బోరు భయం పోయేది ఇలా కలిసినప్పుడే.

ఇప్పుడున్న పథకంలో మార్చగలిగినవి

కొత్త పథకం కోసం ఎదురుచూడనక్కర్లేదు. తుది తనిఖీ ఫారంలో నాలుగు గడులు చేరిస్తే చాలావరకు దారిలో పడుతుంది. గత మేలో డ్రమ్ము నిండడానికి పట్టిన సెకండ్లు, దాని ప్రకారం ఉండాల్సిన వాల్వులు, పదహారు డ్రిప్పర్ల పరీక్షలో వచ్చిన శాతం, స్టార్టరు పెట్టెలో బిగించిన అవర్ మీటరు రీడింగు. వేసవి కొలత లేని దరఖాస్తును మే దాకా ఆపడం రైతుకు నష్టం కాదు, వానలకు ముందే కందకాలు తవ్వుకోవచ్చు.

అవర్ మీటరు అనగానే కరెంటు మీటర్లు పెట్టి బిల్లులేస్తారన్న భయం వస్తుంది. 2004 నుంచి ఉచిత కరెంటు అలవాటైన చోట ఆ భయం సహజం. ఇది యూనిట్లు లెక్కపెట్టదు, మోటారు తిరిగిన గంటలు మాత్రం చూపుతుంది. రీడింగు రైతు దగ్గరే ఉండాలి, ఊరి సభలో చదవాలి, కరెంటు శాఖకు పోకూడదు. ఈ మాట ముందే రాతపూర్వకంగా ఇవ్వకపోతే మీటర్లు మొదటి వారంలోనే ఊడిపోతాయి.

కంపెనీకి ఇచ్చే బిల్లులో కొంత వాటాను రెండో ఎండాకాలం తనిఖీ దాకా ఆపాలి. ఆ రోజున పదహారు డ్రిప్పర్ల పరీక్ష మళ్లీ చేసి, 80 శాతం పైన ఉంటేనే విడుదల చేయాలి. అప్పుడు యాసిడ్ పని నేర్పడానికి కంపెనీ మనిషి తనంతట తానే తోటకు వస్తాడు. ఇందుకు ప్రభుత్వం తన వాటాను సమయానికి కట్టాలి. బకాయిలు పెట్టిన ఖజానాకు బిల్లు ఆపే హక్కు నిలవదు.

యూనిట్ ఖర్చులో బోరును బట్టి ఫిల్టరును, మే కొలతను బట్టి వాల్వులను విడిగా చూపాలి. ఇప్పుడు ఎకరాల మీద లెక్క కట్టడం వల్ల మంచి బోరూ బక్క బోరూ ఒకే ధరలో పడుతున్నాయి. బక్క బోరున్న రైతుకే వాల్వులు ఎక్కువ కావాలి, ఆయనే వాటిని తీసేయించుకుంటున్నాడు.

ఊరి స్థాయిలో మొదలుపెట్టాలంటే రెండు తేదీలు చాలు. ఏటా నవంబరు 15, మే 15. ఆ రోజు మధ్యాహ్నం ఒకే వేళకు అందరూ తమ బోర్లకు డ్రమ్ము పెట్టి సెకండ్లు రాసుకోవాలి. సర్వే నంబరు, సెకండ్లు, పారే ఎకరాలు, మూడే నిలువు గీతలు. రైతు సేవా కేంద్రం గోడ మీద ఆ పట్టిక ఉంటే వచ్చే ఏడాది డిజైను గీయడానికి వచ్చినవాడు ముందు దాన్ని చదువుకోవచ్చు, రబీలో ఎవరు ఏ పంట వేయాలన్న మాటా దాని ముందే నడుస్తుంది.